హాల్ ఎవరి కోసం?

మెదక్ చర్చి చూశారా? 1924లో పూర్తయింది. కరువు రోజుల్లో రెవరెండ్ పాస్నెట్ ఆకలితో వచ్చినవాళ్లకి పని ఇచ్చి తిండి పెట్టారు. ఆ పనే ఈ కట్టడం. అంటే లోపల ప్రార్థన మొదలవ్వకముందే గోడలు సేవ చేసేశాయి!

అందం దండగ అనను. అక్కడి రంగు అద్దాల కిటికీల ముందు ఎవరైనా ఆగిపోతారు. కానీ ఏం చెయ్యాలో తేలకుండా ఎంత పెద్దది కట్టాలో ఎలా తేలుతుంది? మా సాఫ్ట్‌వేర్ వాళ్లం ముందు రిక్వైర్‌మెంట్ అడుగుతాం, డిజైన్ తర్వాతే.

ఇప్పుడు మా కాలనీ గుడికి ఏసీ హాల్ అంటూ చందాలు అడుగుతున్నారు. అన్నదానం రోజు మాత్రం పెద్దవాళ్లు ఎండలో నిలబడే తింటున్నారు. చందా ఇస్తాను. ముందు రేకుల షెడ్డు, నాలుగు బెంచీలు, మంచినీళ్ల కుళాయి వెయ్యమంటాను. స్వామికి ఏసీ తర్వాతైనా ఫర్వాలేదు కదా?