చిన్న దోనె, సిద్ధమైన దోనె

ధ్యాన భాగము : మార్కు సువార్త 3వ అధ్యాయము, 7 నుండి 12 వచనములు



చెడిన పడవ గలవాని కష్టము పడవ లేనివానికి తెలియదు. పడవ లేనివాడు పొరుగువాని పడవకొరకు కనిపెట్టుకొని యుండును. చెడిన పడవ గలవాడో, తనకు పడవ ఉన్నదను ధైర్యముతో రేవునకు వచ్చి, అక్కడ మోసపోవును. అట్టి పడవ ఒకటి మా సంఘమునకు కొన్ని ఏండ్లు ఉండెను. దానినిగూర్చి కొంత సిగ్గుతోనే ఈ నెల మీకు వ్రాయుచున్నాము.

మా ఊరి ఎదుట, గోదావరి పాయకు ఆవల, ఒక చిన్న లంక గలదు. అక్కడ కొన్ని క్రైస్తవ కుటుంబములున్నవి. వారిని దర్శించుటకై సంఘస్థులు చందాలు వేసికొని ఒక పాత నాటు పడవను కొనిరి. కొన్న నాటనుండి అది మమ్మును విసికించుచునే యుండెను. ఒక ఆదివారము చుక్కాని ఊడును. మరియొక ఆదివారము అడుగు పలక చీలును. సందులలో నార కుక్కించి, గుగ్గిలమును నూనెతో కలిపి పూయించితిమి. ఒకచోట మూసిన మరియొకచోట కారును. వాక్యము చెప్పబోవువారు పంచె తడుపుకొని, డబ్బాతో నీరు తోడుకొనుచు ఆవలిగట్టు చేరుట వాడుకయైపోయెను. పెద్దల కూటములో ప్రతిసారి పడవ ఖర్చే చర్చ. “దీనిని అమ్మివేయుదము” అని ఒకరనగా, “దీనిని కొనువాడెవడు?” అని వేరొకరనిరి.

వేసవిలో పాయ తగ్గినప్పుడు ఇసుకమీద నడచి, మోకాలి లోతు నీటిలో దాటి పోవచ్చును. కనుక ఆ నెలలలో పడవను ఇసుకమీదికి లాగి విడిచితిమి. తరువాత దాని ముఖము చూచినవారు లేరు.

ఆషాఢ మాసములో ఎఱ్ఱనీరు దిగినది. ఆ వారమే లంకనుండి కబురు వచ్చెను. మంచముపట్టిన ఒక వృద్ధ సహోదరి ప్రభువు బల్లలో పాలుపొందగోరుచున్నదట. రొట్టెను ద్రాక్షారసమును సిద్ధపరచుకొని రేవునకు పోయితిమి. తక్కిన పడవలన్నియు లంకలలోని పశువులను గట్టు చేర్చుటకు పోయియుండెను. మా పడవనే నీటిలోనికి త్రోసితిమి. నడిపాయ చేరకమునుపే సందులన్నిటినుండి నీరు ఉబికినది. ఇద్దరము తోడినను తరుగలేదు. వెనుకకు మరలక తప్పలేదు.

గట్టుమీద నిలువబడి ఆ పడవను నిందించుచుండగా, ఒక ముసలి సరంగు మమ్మును చూచి నవ్వెను. ఆయన మన సంఘస్థుడు కాడు. “చెక్క మీద కోపమెందుకండి, అయ్యగారూ?” అనెను. “నాలుగు నెలలు ఇసకలో ఎండేశారు. పలకలు ఆరిపోయి సందులు విచ్చాయి. పడవ వాడితే పాడవదండి, వదిలేస్తే పాడవుద్ది. మూడు రోజులు లోతులేని నీళ్లలో ముంచి ఉంచండి. చెక్క నీళ్లు తాగి ఉబ్బుద్ది, సందులు చాలామట్టుకు వాటంతటవే మూసుకుంటాయి. మిగిలిన చోట నేను నార కుక్కి పెడతాను.”

ఆయన చెప్పినట్లు చేసితిమి. నాలుగవ దినమున పడవ నిలిచినది. అయితే మేము లంక చేరునప్పటికి, ముందటి సాయంకాలమే ఆ తల్లిని సమాధి చేసియుండిరి. ఆమె కోడలు మమ్మును ఒక్క మాటయు అనలేదు. “అయ్యగారు రాకుండా ఉండరు, పడవ ఏం చేసిందో ఏమో అని మా అత్తగారు అంటానే ఉన్నారండి” అని మాత్రము చెప్పెను.

ప్రియులారా, ఆ దయగల మాట మమ్మును పొడిచినట్లు ఏ నిందయు పొడువలేదు. ఆమె తప్పును పడవమీద పెట్టి కన్ను మూసినది. తప్పు పడవది కాదని మాకు తెలియును. ప్రభువు తన దాసురాలిని మా రాకకొరకు ఆగక తన యొద్దకు చేర్చుకొనెనని నమ్ముచున్నాము. ఆ నమ్మకము మాకు ఆదరణయే గాని, మా అశ్రద్ధకు సాకు కాదు.

ఇప్పుడు మార్కు సువార్త చూడుడి. గలిలయ సముద్రతీరమున జనులు గుంపులుగా వచ్చి ప్రభువుమీద పడుచున్నప్పుడు, తనకొక చిన్న దోనెను ఆయత్తముగా ఉంచుడని ఆయన శిష్యులకు చెప్పెను. ఆయన పెద్ద ఓడను కోరలేదు, క్రొత్తదానిని కోరలేదు. చిన్నది చాలును, అయితే పిలిచిన గడియకు సిద్ధముగా ఉండవలెను.

ఆ కాలపు దోనెలు ఎట్టివో మనకు కొంత తెలియును. 1986వ సంవత్సరమున అనావృష్టిచేత గలిలయ సముద్రపు నీరు తగ్గినప్పుడు, అన్నదమ్ములైన ఇద్దరు జాలరులు తీరపు బురదలో ఒక పాత దోనెను కనుగొనిరి. అది ఇంచుమించు మన ప్రభువు దినములనాటిదని పరిశోధకులు తేల్చిరి. ప్రభువు ఎక్కినది అదే యని చెప్పుటకు ఆధారము లేదు. దాని పొడవు 8 మీటర్లకు కొంచెము పైగా, వెడల్పు 2.3 మీటర్లు. పలకలు ఎక్కువగా దేవదారువి, లోపలి వంపు కఱ్ఱలు సింధూరపువి. మిగిలిన అతుకులు చేతికి దొరికిన కఱ్ఱలవి. పది రకములకు తక్కువ కాని కఱ్ఱలు అందులో ఉన్నవి. దాని యజమానుడును మనవలెనే మాటిమాటికి బాగుచేయించుకొని విసిగియుండును! బురద తడిలో అది రెండువేల ఏండ్లు నిలిచినది. బయటికి తీసినప్పుడో, ఎండి పొడి కాకుండునట్లు దానిని తడుపుచు, తరువాత తొట్టిలో ఉంచి, అనేక సంవత్సరములు కాపాడవలసి వచ్చెను.

అట్టి అతుకుల దోనెలలోనే ప్రభువు కూర్చుండి బోధించెను. అట్టిదానిలోనే, అలలు కొట్టి నీరు నిండుచుండగా, ఆయన వెనుకభాగమున నిద్రించెను. శిష్యులు ఆవలిగట్టు చేరినది దోనె గట్టిదైనందున కాదు. ప్రభువు అందులో ఉన్నందుననే. అయినను ఆ దోనె గట్టుమీద ఎండుచుండినయెడల ఆయనను ఎక్కించుకొనియుండునా?

మన భక్తియు అట్టిదే. పనులు సాగుచు, ఇంట ఆరోగ్యము ఉన్నంతకాలము కుటుంబ ప్రార్థనను ఇసుకమీదికి లాగి విడుతుము. బైబిలు గూటిలో ధూళి పట్టును. కోతల దినములలో ఆదివారపు ఆరాధన, నాట్ల దినములలో పిల్లల ఆదివారపు బడి విడిచిపెట్టుదుము. తరువాత జబ్బో, అప్పో, మరణమో వరదవలె వచ్చినప్పుడు ఆ ఎండిన భక్తిని ఒక్కసారిగా నీటిలోనికి త్రోయుదుము. అది కారినప్పుడు దేవునిమీదను, సంఘముమీదను, కాపరిమీదను సణుగుదుము. కాపరులమైన మేమును దీనికి వేరుకాము.

అయితే ఒక సంగతి మరువకుడి. ఎండిన పడవను చీల్చి పొయ్యిలో పెట్టుడని సరంగు చెప్పలేదు. నీటిలో ఉంచుడనెను. ఎండినవానిని ప్రభువు పారవేయడు. ఈ రాత్రియే దీపమొద్ద ఒక అధ్యాయము చదివి, ఇంటివారితో మోకరించుడి. రేపును అట్లే చేయుడి. మొదట సందులనుండి కొంత కారును, విసుగకుడి, తోడుకొనుచుండుడి. కొన్నాళ్లకు పలకలు బిగియును.

మన ఊరిలో పాయకు ఆవల మనకొరకు కనిపెట్టుచున్నవారు ఎవరు? మంచముపట్టినవారు, గుడికి రాలేని ముదుసలులు, అలిగి దూరమైన సహోదరులు ఉన్నారు. వారు మన ఆలస్యమునకు పడవను సాకుగా చెప్పి కన్నుమూయకమునుపే, ఈ వారము పోవుదము.

ప్రభువా, మా దోనె చిన్నది, అతుకులది. దానిని నీ రేవున తడిగాను సిద్ధముగాను ఉంచుకొనుటకు మాకు కృప దయచేయుము. నీవు పిలిచిన గడియలో మేము ఆలస్యము చేయకుండ మమ్మును కాపాడుము. ఆమేన్.