ఖాళీగా కూర్చోవడం తప్పా?

వచ్చే నెల నేను ఒంటరిగా శ్రీలంక వెళ్తున్నాను. మొదటి మూడు రోజులూ బీచ్‌లో ఊరికే ఉంటానంటే, "ఆ కూర్చునేదేదో మన అంతర్వేదిలో కూర్చోవచ్చుగా" అంది అమ్మమ్మ. విశ్రాంతి అంటే సోమరితనమేనా?

గీత ఆరో అధ్యాయంలో శ్రీకృష్ణుడు అతినిద్ర వద్దన్నాడు, నిద్ర మానేయడమూ వద్దన్నాడు. ఆహారం, విహారం, పని, నిద్ర అన్నీ మితంగా ఉన్నవాడికే యోగం దుఃఖాన్ని పోగొడుతుందన్నాడు. అంటే విహారమూ సాధనలో భాగమే.

త్రయంబకంలో పుట్టిన గోదారి 1,465 కిలోమీటర్లు నడిచి, మన పొలాలు తడిపి, అంతర్వేది దగ్గర వశిష్ఠ పాయగా నెమ్మదిస్తుంది. దాన్ని బద్ధకం అనం కదా!

నా లెక్క ఒక్కటే. కాసేపు కూర్చున్నాక ఇంటికి ఫోన్ చేయాలనిపిస్తే అది విశ్రాంతి. ఎవరి ఫోనూ ఎత్తబుద్ధి కాకపోతే అది పారిపోవడం.

జై శ్రీ లక్ష్మీనరసింహ!