ఇంటిపని కాయకము కాదా?

బసవేశ్వరుడు పన్నెండవ శతాబ్దమున కల్యాణమునందు తీర్చిదిద్దిన శరణసమాజములో కాయకమునకు పూజతో సమానమైన గౌరవము కలదు. నూలు వడకిన రెమ్మవ్వ, వాకిలి యూడ్చిన సత్యక్క పురుషులతోపాటు వచనములు రచించిరి. పనులలో ఎక్కువ తక్కువలు లేవనుట శరణుల సిద్ధాంతము. అట్లైనచో ఇంటిపని కాయకమగునా, కాదా? కాయకమే యైనచో దానిని స్త్రీయే యేల చేయవలెను?

కాయకమునకు ఆధారము కాయము. కూలి వచ్చు పనికొక శరీరము, రాని పనికి వేరొక శరీరము ఎవరికిని లేవు. నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములలో ఇంటివద్ద బీడీలు చుట్టు స్త్రీల జీవితమే ఇందుకు నిదర్శనము. తునికాకు కత్తిరించి, పొగాకు నింపి, చుట్టి, దారము కట్టవలెను. కూలి వేయి బీడీలకింత అని లెక్క. చేట ఒడిలో నుంచుకొని గంటల తరబడి వంగి కూర్చుండుటచే మెడయు నడుమును నొచ్చును. పొగాకు ధూళి ఊపిరితో లోనికి పోవును. నడుమ నడుమ లేచి వంట చేయవలెను, నీళ్ళు తోడవలెను, పిల్లలను, వృద్ధులను కనిపెట్టవలెను. ఈ రెండవ పనికి కూలియు లేదు, లెక్కయు లేదు.

2019లో భారత ప్రభుత్వము కాలవినియోగమును గూర్చి సర్వే జరిపి ఆ లెక్క తీసినది. ఇంటిపనిలో పాల్గొను స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు వెచ్చించుచుండిరి. అట్లు పాల్గొనువారు స్త్రీలలో నూటికి 81 మంది. పురుషులలో 26 మందియే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి, పురుషులలో 25 మందికి రక్తహీనత కనబడినది. ఋతుస్రావము, గర్భధారణ దీనికి కొంత కారణములే. కాని అందరికిని వడ్డించి మిగిలినది తిను ఆచారము ఆ లోటును పూరింపనీయదు.

పురుషుడు పగలెల్ల బయట శ్రమించుచున్నాడు గదా యని కొందరందురు. అది సత్యమే. అయితే ఆలుమగలిద్దరును పొలమునుండి తిరిగి వచ్చిన సాయంకాలము అతడు అరుగుమీదికిని, ఆమె పొయ్యికడకును పోవుట ఏ న్యాయము? సమానమైన పనికి సమానవేతనము ఈయవలెనని 1976లో చట్టము వచ్చినది. చట్టము పొలముగట్టు వరకు రాగలదు. వంటయింటిలో ధర్మబుద్ధియే పనిచేయవలెను.

ఇంటిపని ప్రేమతో చేయు సేవయనియు, దానిని లెక్కించుట తగదనియు మరికొందరి వాదము. దాసోహము ఇచ్ఛాపూర్వకముగా చేయునది. కాదనుటకు వీలులేని సేవకు ఆ పేరు చెల్లదు.

ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యము ఏరి తేగా, భార్య లక్కమ్మ దానిని అంగీకరింపక మరల అచ్చటనే పోసి రమ్మనెనని శరణుల కథ. మించిన బియ్యము దోషమైనచో, తన వంతుకు మించి మరియొకరి శ్రమను అనుభవించుట దోషము కాదా? ఆమె దేహము అలసినప్పుడు తీసికొన్న విశ్రాంతియు అట్టి బియ్యమే.

కావున కాయకమును నమ్మువారు చీపురును, బిందెను తమవిగా భావింపవలెను. కుమారులకు వంట నేర్పవలెను. అందరును ఒకే పంక్తిని భుజింపవలెను. ఇల్లాలి దగ్గును, నడుమునొప్పిని సహజమని త్రోసివేయక సకాలమున వైద్యునికి చూపవలెను. శ్రమను పంచుకొనని యింట సమత్వము మాటగానే మిగులును.