ఫస్టు ప్రైజు బతుకమ్మ

మంథనిలో మా అక్క బిడ్డ చదివే బళ్లో దసరా సెలవులకు ముందురోజు బతుకమ్మ ఆడిస్తారు. ఎత్తైనదానికి బహుమతి. మొన్న బంతిపూలు కొని, గునుగుకు రంగులద్ది నేనే పేర్చాను. ఫస్టొచ్చింది.

"మామా, నేను తెంపుకొచ్చిన తంగేడు ఏది?" అంది పిల్ల. అడుగున పడిపోయింది, కనిపించదు.

2014లో రాష్ట్ర పండుగైంది. బడిలోకి రావడం మంచిదే. వాడకట్టులోనూ ఎవరి బతుకమ్మ పెద్దదో చూసుకుంటారు, కుళ్లుకుంటారు కూడా. కానీ అన్నీ ఒక్కచోటే పెట్టి చుట్టూ ఆడతారు, చివరికి అన్నీ నీళ్లలోకే. బళ్లో షీల్డు మిగులుతుంది. టీచర్లను ఏమనను? ఓటమికి భయపడింది నేనేగా.

సద్దులనాడు పిల్ల తనే చిన్నది పేర్చుకుంది. నన్ను ముట్టనీయలేదు.