వెళ్ళిపోయిన వాళ్ళని అడిగే ప్రశ్న

మూడేళ్ళ క్రితం ఒక సాయంత్రం నా స్నేహితురాలు ఫోన్ చేసింది. ఆర్కిటెక్చర్ మానేసి ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైనర్‌గా, అంటే ఫోన్లలో మనం వాడే తెరలని రూపొందించే ఉద్యోగంలో, చేరుతున్నానని చెప్పింది. "అయితే ఓడిపోయావన్నమాట" అన్నాను. సరదాగానే అన్నాననుకున్నాను. అవతలి నుంచి చాలాసేపు మాట లేదు. ఆ మౌనం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఐదేళ్ళ బి.ఆర్క్ చదువు, హైదరాబాదులో ఎనిమిదేళ్ళ ఉద్యోగం. సైటుకి వెళ్తే మేస్త్రీ "అమ్మా, సారెప్పుడొస్తారు?" అని అడిగేవాడు. ప్లాను గీసింది తనే అయినా క్లయింటు ముందు మాట్లాడేది సంస్థ యజమానే. మూడంతస్తులు లేచినా సైటులో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి ఉండేది కాదు. పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా ఉండటం అలవాటు చేసుకుంది. పాప పుట్టాక "నీ మంచికే" అంటూ సైటు పనులు ఒక్కొక్కటే తన చేతిలోంచి తీసేశారు.

ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ ఆ మాట ఎలా అనగలిగాను?

మనకి నిలబడి పోరాడిన స్త్రీ కథ ఇష్టం. వెళ్ళిపోయిన స్త్రీని ఎలా అర్థం చేసుకోవాలో తెలీదు. బాధితురాలనో, పారిపోయిందనో అనేసి ఊరుకుంటాం. కానీ నిలబడిన వాళ్ళకి దక్కిందేమిటి? అమెరికన్ ఆర్కిటెక్టు డెనీస్ స్కాట్ బ్రౌన్ ఈ వృత్తిలోని పురుషాధిక్యత గురించి 1975లో రాసిన వ్యాసం 1989 దాకా అచ్చు కాలేదు. ఇద్దరూ కలిసి చేసిన పనికి 1991లో ప్రిట్జ్‌కర్ బహుమతి ఆమె భర్త రాబర్ట్ వెంచూరీ ఒక్కడికే ఇచ్చారు. 2013లో వేలమంది సంతకాలు పెట్టి అడిగినా ఆ నిర్ణయం మారలేదు. మరొక స్త్రీని "నిలబడు" అనే ముందు, అందుకు ఆమె ఏం పోగొట్టుకోవాల్సి వస్తుందో మనం లెక్క వేసుకుంటున్నామా?

అలాగని ఇది పూర్తిగా ఆమె స్వేచ్ఛగా చేసుకున్న ఎంపిక అనీ అనలేను. అదే అడిగితే తను, "తోశారు, నిజమే. నడిచింది కూడా నేనే" అంది. ఈ రెండింట్లో ఒకటే నిజం కావాలని పట్టుబట్టేది మనమే.

చేరిన చోటు మరీ పరాయిదేం కాదు. డొనాల్డ్ నార్మన్ 1993లో ఆపిల్‌లో చేరినప్పుడు పెట్టుకున్న హోదా 'యూజర్ ఎక్స్‌పీరియన్స్ ఆర్కిటెక్ట్'. మనిషి ఎటునుంచి లోపలికొస్తాడు, ఎక్కడ తడబడతాడు, బయటికి దారెటు అన్నవే రెండు చోట్లా ప్రశ్నలు. ఆ 'మనిషి' ఎవరన్న పేచీ కూడా రెండు చోట్లా ఉంది. లె కార్బూజియే తన మాడ్యులర్ కొలతలకి ఆధారంగా తీసుకున్నది ఆరడుగుల మగవాణ్ణి. సాఫ్ట్‌వేర్ ఊహించుకునే 'యూజర్'కి సొంత ఫోనుంటుంది, సొంత నంబరుంటుంది, పక్కనెవరూ తొంగి చూడరు.

గర్భిణుల కోసం ఒక యాప్ తయారు చేసేటప్పుడు నా స్నేహితురాలు ఒక బస్తీలో ఆడవాళ్ళతో మాట్లాడింది. చాలామంది ఇళ్ళలో ఫోను భర్తది. ఓటీపీ అతనికే వస్తుంది. ఆమె తన ఒంటి గురించి ఏం రాసుకున్నా ముందు చదివేది అతనే. ఈ సంగతి మీటింగులో చెప్తే, "ఇలాంటి వాళ్ళు ఎంతమంది ఉంటారు?" అని అడిగారట. "సారెప్పుడొస్తారు అని అడిగిన గొంతే వినిపించింది" అంది తను.

మరోసారి 'వద్దు' అనే బటన్‌ని కంటికి ఆనకుండా లేత బూడిద రంగులో పెట్టమన్నారు. వాడేవాళ్ళని ఇలా ఏమార్చే పద్ధతులు 13 రకాలని గుర్తించి, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో వాటిని నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. "బయటికి దారి లేని ఇల్లు కట్టకూడదని మొదటి సంవత్సరమే నేర్పారు. అయినా మొదటిసారి అడిగితే గీసిచ్చాను. రెండోసారి గీయలేదు" అంది. ఆ మొదటిసారిని దాచనందుకు ఆమె మీద నా గౌరవం పెరిగింది.

ఇక ఆ సైటులో తట్టలు మోసిన పాలమూరు ఆడవాళ్ళ సంగతి. వాళ్ళకీ మరుగుదొడ్డి లేదు. కానీ వాళ్ళు వృత్తి మార్చుకోలేరు. మార్చుకుంటే మరో సైటుకి మారతారు, అంతే. నా స్నేహితురాలికి తలుపు తెరిచింది ఆమె ప్రతిభ ఒక్కటే కాదు. చదువూ, ఇంగ్లీషూ, ఇంట్లో పాపని చూసుకునే అమ్మా కూడా. ఆ మాట నాకంటే ముందు తనే అంది. "నీళ్ళ సీసా తెరిచినప్పుడల్లా వాళ్ళు గుర్తొస్తారు. గుర్తొచ్చినంత మాత్రాన ఏమవుతుంది చెప్పు?"

నా దగ్గర జవాబు లేదు. కానీ ఒకటి అర్థమైంది. వృత్తి మన విధేయతని కోరగల దేవత కాదు. దాన్ని వదిలేయడం నేరమూ కాదు, విజయమూ కాదు. మన బాధ్యత మనుషులకి. మనం వదిలొచ్చిన చోట ఇంకా మిగిలిన వాళ్ళకి, చేరిన చోట ఎవరి లెక్కలోకీ రాని వాళ్ళకి. "ఎందుకు వదిలేశావు?" అన్న ప్రశ్న ఒంటరిగా వెళ్ళిపోయిన స్త్రీని నిలదీస్తుంది. "అక్కడ ఎవరు మిగిలారు? ఇక్కడ ఎవర్ని లెక్కపెడుతున్నావు?" అన్న ప్రశ్నలు నిలబడిన వాళ్ళకీ వర్తిస్తాయి.

సాహిత్యంలో డాక్టరేటు చేసి ఏళ్ళుగా ఒకే విభాగంలో కూర్చున్న నాకూ వర్తిస్తాయి. నా పరిశోధనలోని 'స్త్రీ' ఎవరి కొలతలతో తయారైందో నేనింకా సరిగ్గా చూసుకోలేదు. ఆ రోజు అన్న మాటకి క్షమించమని మాత్రం మొన్న తనని అడిగాను. ఈసారి ఎక్కువసేపు మౌనంగా ఉండలేదు.