చాటింపు, చదివింపు

తాడేపల్లిగూడెంలో మా మేనకోడలి కూతురికి ఓణీల ఫంక్షన్ చేశాం. పిల్ల పుట్టి పెరిగింది టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో. వాళ్లకి రావడం క్రిస్మస్ సెలవుల్లోనే కుదిరింది కాబట్టి వేడుక ధనుర్మాసంలో పడింది. గొణిగినవాళ్లు గొణిగారు, భోజనాలకి మాత్రం అందరూ వచ్చారు. రెండు రోజుల ముందే నేను ఉత్సాహంకొద్దీ సెంటర్లో ఫ్లెక్సీ కట్టించాను. పిల్లది నిలువెత్తు ఫొటో, కింద మా అందరి పేర్లు. అది చూసి పిల్ల ఏడ్చింది.

వేడుక అయిన మర్నాడు కొల్లేటికోట పెద్దింట్లమ్మకి మొక్కు తీర్చడానికి బయల్దేరాం. దారిలో కైకలూరు దాటి ఆటపాకలో ఆగాం. పిల్ల గూడబాతుల్ని చూస్తానని పడవెక్కింది. గట్టు మీద నేనూ మేనకోడలూ మిగిలాం.

"వలస పక్షులు, వలస మనుషులు అని మొదలుపెట్టకు మావయ్యా" అంది ముందే.

"పెట్టనే. ఇవి ఇక్కడే గూళ్లు కట్టుకుని గుడ్లు పెడతాయి. మీరు అక్కడ కన్నారు. పోలిక కుదరదు. అది సరేగాని, ఫ్లెక్సీకి అంత ఏడుపేమిటి?"

"నా సమర్త గుర్తుందా నీకు? పదకొండు రోజులు తాటాకు చాప మీద కూర్చోబెట్టారు. విడి కంచం, విడి గ్లాసు. చిమ్మిలి పట్టుకుని వీధిలో ఆడవాళ్లందరూ వచ్చి చూసిపోయేవారు. తిరిగి స్కూలుకెళ్లేసరికి మగపిల్లలక్కూడా తెలిసిపోయింది. అందుకే దీనికి అయినప్పుడు ఎవ్వరికీ చెప్పలేదు. ఏడాది పోయాక, ఇష్టమేనా అని అడిగి, సరే అన్నాక టికెట్లు కొన్నాం. నువ్వేమో తీసుకెళ్లి నాలుగు రోడ్ల మధ్య వేలాడదీశావు."

"ఆ వేడుక పుట్టిందే చాటడానికి కదమ్మా. ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉందని నలుగురికీ కబురు."

"పదమూడేళ్ల పిల్లకి ఇప్పుడా కబురు ఎవరికి పంపుతావు?"

జవాబు దొరకలేదు. శారదా చట్టం 1930 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చినప్పుడు ఆడపిల్ల పెళ్లి వయసు 14. 1978 సవరణతో 18 అయింది. పెళ్లి అంత దూరం జరిగింది గాని, మన కబురు మాత్రం పాత వేళకే బయల్దేరుతోంది. పైగా ఇప్పుడు రంగుల్లో.

ఓడిపోవడం ఇష్టంలేక ఇంకో మాట అన్నాను. "పోనీ, దేనికీ ముడిపెట్టకుండా సెలవులు చూసి చేసుకుంటే అది పుట్టినరోజు పార్టీ కాదూ?"

"మా పక్కింట్లో మెక్సికోవాళ్లున్నారు. పిల్లకి పదిహేనేళ్లు వస్తే కిన్సెయాన్యేరా అని చేస్తారు. అదీ క్యాలెండరు లెక్కే. ముందు చర్చిలో పూజ, తర్వాత హాల్లో విందు. తండ్రి అందరి ఎదుటా కింద కూర్చుని కూతురి మామూలు చెప్పులు విప్పి హై హీల్స్ తొడుగుతాడు. ఇదే ఆఖరని చేతికో బొమ్మనిస్తారు. దాన్ని పుట్టినరోజంటే వాళ్లు నొచ్చుకుంటారు. ఖర్చు కూడా తల్లిదండ్రులొక్కరే మొయ్యరు. కేకు ఒకరిది, చెప్పులు ఒకరివి, పాటలవాళ్ల ఖర్చు ఇంకొకరిది. వాళ్లని పద్రీనోలంటారు. రక్తసంబంధం ఉండక్కర్లేదు. బిడ్డ జ్ఞానస్నానానికి అలా నిలబడినవాణ్నయితే తండ్రి కొంపాద్రే అని పిలుస్తాడు."

"అంటే మన వియ్యంకుడిలాగా. పిల్లల మూలాన పెద్దలకి వరస."

"ఆ."

ఇక్కడ నాకు హుషారొచ్చింది. కేకొకరు, చెప్పులొకరు అంటే చదివింపులే కదా! ఏలూరులో మా ఇంట్లో మా అమ్మ నాటి చదివింపుల పుస్తకం ఇంకా ఉంది. పేరు, ఊరు, అంకె. ఎవరింట్లో శుభకార్యమైనా ముందు ఆ పుస్తకం తెరిచి, వాళ్లు పెట్టినదానికి కొంచెం పైవేసి చదివించేది. సరిగ్గా తీర్చేస్తే లెక్క మూసేసినట్టు, పైవేస్తే మళ్లీ రమ్మన్నట్టు. 2006లో కొల్లేరు ఆపరేషన్ జరిగి, సరస్సు ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు తెంపేసిన ఏడాదే మా అమ్మాయి ఓణీలు. మా తమ్ముడి చెరువూ పోయింది. ఆ సంవత్సరం ఇల్లు గడిచింది చదివింపులతోనే. ఇచ్చినవాళ్లెవరూ సాయం చేశామనుకోలేదు, తీసుకున్న మేమూ తలవంచుకోలేదు. అది చెప్పాను.

"మావాళ్లు కార్డు మీదే బహుమతులు వద్దని వేస్తున్నారు" అంది.

"అదే తప్పు. బాకీ లేని గుమ్మం ఎవరూ తొక్కరు."

"బాకీ డబ్బుదే కానక్కర్లేదు మావయ్యా. నిరుడు నా స్నేహితురాలి కూతురి ఓణీలకి మేనమామకి వీసా రాలేదు. ఆఫీసులో వాళ్లతో పనిచేసే శ్రీకాకుళం అతను మేనమామగా నిలబడి బట్టలు పెట్టాడు. ఇప్పుడా పిల్ల అతన్ని మావయ్యా అనే పిలుస్తుంది. అతని భార్య పురుడు పోసుకుంటే పథ్యం వంట వీళ్లింటి నుంచే వెళ్లింది."

వరస కలుపుకోవడమనే మాట మనకి పాతదే. ఇన్నాళ్లూ దాన్ని పెళ్లి పందిట్లో వేళాకోళానికి వాడుకున్నాం. సముద్రం అవతల వాళ్లు దాంతో కాపురాలు నిలబెట్టుకుంటున్నారు. మెచ్చుకోవాల్సిందే. కానీ నేను ఉండగానే నా చోటుకి మనిషి దొరుకుతాడన్న సంగతి గొంతులో ముల్లులా ఉంది.

"రెండోదాని ఫంక్షన్ అక్కడే చేస్తాం. నువ్వు రాకపోతే ఆ శ్రీకాకుళం అతనున్నాడు" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. నాకు పాస్‌పోర్టు లేదు.

చాటింపు పోవాలి, చదివింపు ఉండాలి. అంతవరకు మేనకోడలితో నాకు పేచీ లేదు. సొంత మేనమామా, కలుపుకున్న మేనమామా ఒకటేనని మాత్రం ఇంకా ఒప్పుకోలేదు, ఇప్పుడప్పుడే ఒప్పుకోను కూడా.

ఫ్లెక్సీ ఆ సాయంత్రమే దింపించాను. గట్టి సరుకు, పారెయ్యబుద్ధి కాలేదు. మా తమ్ముడు తన కొత్త చెరువు గట్టు మీద మేత బస్తాలకి కప్పుతున్నాడు, బొమ్మ లోపలివైపుకి వచ్చేట్టు.