నాన్న పళ్ళెంలో జొన్నరొట్టె

మీ ఇంటికి చుట్టాలు వస్తే ఏ బియ్యం వండుతారు? సన్నబియ్యమే గదా! అన్నం మల్లెపువ్వులా తెల్లగా ఉండాలి, మెతుకుకు మెతుకు అంటకూడదు. ముతక బియ్యం వండి పెడితే వచ్చినవాళ్ళు ఏమనుకుంటారోనని మనకు జంకు. ఇక రొట్టె, సంకటి పెట్టడమా? ఆ మాటే ఎత్తం. అంటే, తిండి విషయంలో మనం ముందుగా చూసేది ఒంటికి ఏది మంచిదని కాదు, నలుగురిలో ఏది మర్యాద అని. ఈ ఒక్క సంగతి గురించి ఈ వారం మీతో కలిసి ఆలోచించాలని ఉంది.

మాది కర్నూలు ప్రాంతం. మా నాన్న చిన్నతనంలో వరిబువ్వ అంటే పండుగ. క్రిస్మస్‌కు, పాస్కకు, పెళ్ళిళ్ళకు తప్ప ఇంట్లో వరిబియ్యం ఉడికేది కాదు. మిగతా రోజులన్నీ జొన్నరొట్టె, సంకటి, కొర్రన్నం. రోజూ వరిబువ్వ తినే ఇంటిని ‘కలిగినోళ్ళ ఇల్లు’ అనేవారు. 1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇవ్వడం మొదలుపెట్టాక మా వీధిలోనూ రోజూ అన్నం ఉడికింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు కడుపు నిండినవాళ్ళకు లేదు. ఆకలితో పడుకునే ఎన్నో ఇళ్ళను ఆ బియ్యం నిలబెట్టింది. అయితే పేదరికపు గుర్తులను వదిలించుకునే తొందరలో జొన్నలను, కొర్రలను కూడా గుమ్మం దాటించేశాం. ఇప్పుడు పట్నం కొట్లలో సన్నబియ్యం కంటే కొర్రలకే ఎక్కువ ధర చెప్తున్నారు. వాటిని పండించి, తిని, సిగ్గుపడి వదిలేసిన వాళ్ళకే ఇవాళ అవి అందడం లేదు.

నాన్నకు యాభై దాటాక షుగరు జబ్బు బయటపడింది. డాక్టరుగారు మందులు రాసి, అన్నం తగ్గించమని, రాత్రిపూట జొన్నరొట్టె తినమని చెప్పారు. అమ్మ ఆ రాత్రే రొట్టె చేసింది. మా అందరి పళ్ళేలలో అన్నం, పప్పు, నెయ్యి. ఆయన పళ్ళెంలో మాత్రం రొట్టె. నాన్న పళ్ళేన్ని పక్కకు జరిపి, “ఇంత కష్టపడి పైకొచ్చింది మళ్ళీ ఈ రొట్టె తినడానికేనా?” అన్నారు. లేచి చేయి కడుక్కున్నారు.

మేము దాన్ని మొండితనం అనుకున్నాం. మందలించాం, బతిమాలాం, భయపెట్టాం. ఆయన మా ఎదుట కొంచెం తిని, బయట హోటల్లో అన్నం తినేవారు. అలా ఆరేళ్ళు గడిచాయి. చివరికి కాలికి పుండు పడి, మానక, బొటనవేలు తీసేయవలసి వచ్చింది.

తెల్లదనం మీద ఈ మోజు మనకొక్కరికే ఉన్నది కాదు. 1890 ప్రాంతంలో జావా దీవిలో, నేటి జకార్తా నగరంలో, ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు బెరిబెరి వ్యాధికి కారణం వెతుకుతున్నాడు. ఆయన కోళ్ళకు సైనిక ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నం వేస్తుండేవారు. కోళ్ళకు కాళ్ళు చచ్చుబడి తూలిపోయేవి. ఇంతలో కొత్త వంటవాడు వచ్చాడు. సైనికులు తినే అన్నం ఈ కోళ్ళకు పెట్టడమేమిటని ఆపేశాడు. పాలిష్ పట్టని ముతక బియ్యం వేయడం మొదలయ్యాక కోళ్ళు లేచి తిరిగాయి! మనం తవుడని పారేసేదానిలోనే ప్రాణానికి అవసరమైనది ఉందని ఆ దారిలో తెలిసింది. తర్వాత దానికి విటమిన్ బి1 అని పేరు వచ్చింది. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. నాకు మాత్రం ఆ వంటవాడే గుర్తుండిపోయాడు. ఆయన ఉద్దేశం కోళ్ళను వాటి స్థాయిలో ఉంచడమే. వాటికి మర్యాద తగ్గించబోయి ప్రాణం పోశాడు. మర మీద ఆడించిన బియ్యం తిన్న మన సర్కారు జిల్లాలలోనూ ఒకప్పుడు బెరిబెరి ఉండేది.

బెరిబెరి పోయింది, ఇతర జబ్బులు వచ్చాయి. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కనిపించింది. మరోవైపు వంద గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, తెల్లబియ్యంలో దానికి దరిదాపుల్లో కూడా ఉండదు. అలాగని జొన్నరొట్టె మందు కాదు. ఐదారు రొట్టెలు లాగిస్తే దానితోనూ షుగరు పెరుగుతుంది. డాక్టరు రాసిన మాత్రలు మానకూడదు.

ఈ లెక్కలన్నీ నాన్నకు చెప్పాం. ఏ ఒక్కటీ పని చేయలేదు. ఎందుకంటే ఆయన బాధ లెక్కల్లో లేదు. అందరి మధ్య తన ఒక్కడి పళ్ళెం వేరుగా ఉండడంలో ఉంది.

తపస్సు కాలంలో మనం చేసే ఉపవాసాన్ని ఒకసారి చూడండి. విభూది బుధవారం నాడు విచారణలో ఉన్నవాడూ, లేనివాడూ ఒక్క పూటే తింటారు. అందువల్ల ఎవరికీ అది చిన్నతనంగా ఉండదు. (శుక్రవారం మాంసం మానేసి సాయంత్రం ప్లేటు నిండా మిరపకాయ బజ్జీలు తినే నాలాంటి వాళ్ళ సంగతి వేరే!) అదే నియమం ఒక్కరికే పెట్టి చూడండి, శిక్షలా ఉంటుంది. మన ఇళ్ళలో రోగికి పత్యం పెట్టి, ఆయన ఎదుటే మనం పాయసం తాగుతాం. లేదా విందులో షుగరున్న మనిషి విస్తట్లో లడ్డు వేసి, “ఒక్కటి తింటే ఏమౌతుంది? మా మీద ప్రేమ లేదా?” అంటాం. మొదటిదీ ప్రేమే అనుకుంటాం, రెండోదీ ప్రేమే అనుకుంటాం.

వేలు తీసేశాక నాన్న ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే అమ్మ ఒక పని చేసింది. ఎవరికీ చెప్పలేదు. రాత్రి అందరికీ సరిపడా పిండి కలిపింది. మాకూ రొట్టెలే, గోంగూర, శెనక్కాయల పొడి. అన్నం వండనే లేదు. అంతవరకు అందరూ తిన్నాక, వంటింట్లో పొయ్యి పక్కన మిగిలిందేదో తినే మనిషి, ఆ రాత్రి తనూ పళ్ళెం తెచ్చుకుని నాన్న పక్కన కూర్చుంది. ఆమెకు రక్తం తక్కువగా ఉందని అదే ఆసుపత్రిలో చెప్పారు. అప్పటిదాకా మాలో ఎవరమూ ఆమె పళ్ళెంలో ఏముందో చూడలేదు.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఒక రొట్టె తిన్నారు. ఇంకొకటి తుంచుతూ, చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, “మా అమ్మ ఇంతకంటే పల్చగా తట్టేది” అన్నారు.